మా అత్తమ్మ చేతి ఇంజన్

మా అత్తమ్మ పోయిన నెల కన్నుమూశారు. ఆ పొద్దున నేను కేసముద్రంలో ఒక పెళ్లి పందిరి వెనక జనరేటర్‌కి డీజిల్ పోస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు" అన్నాడు.

వరంగల్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు ఆవిడను చూసే ఉంటారు. అందరూ పందిట్లో కూర్చుంటే, పందిరి వెనక ట్రాలీ మీదున్న జనరేటర్ పక్కన కొంగు నడుముకు దోపుకొని ఒకామె కుర్చీ వేసుకొని కూర్చునేది. ఆమే మా అత్తమ్మ.

మాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, లైట్లు మామయ్య చూసుకునేవారు. జనరేటర్ ఇంజన్ జోలికి మాత్రం పోయేవారు కాదు. దాన్ని నడిపే ఆపరేటర్ వేరే పని చూసుకొని వెళ్లిపోయినప్పుడు, కొత్త మనిషి దొరికేదాకా నేను చూస్తానని అత్తమ్మ ముందుకొచ్చారట. ఆ కొత్త మనిషిని ఎవరూ వెతకనే లేదు. ఆవిడ పుట్టిల్లు మగ్గాల ఇల్లు. పొద్దున లేచి పవర్‌లూమ్‌లకు నూనె చుక్కలు వేయడం వాళ్లింట్లో వాకిలి ఊడ్చినట్టే ఒక పని. ఇంజన్ కూడా ఆవిడకు అలాగే కనిపించింది.

నేను వర్ధన్నపేట దగ్గర సేద్యం చేసుకునే ఇంటినుంచి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక పొద్దున, ముగ్గు పెట్టి చేతులు కడుక్కున్న అత్తమ్మ నేరుగా రేకుల షెడ్డులోకి వెళ్లడం చూసి వెంట వెళ్లాను. ఇంజన్ పక్కనుంచి సన్నటి ఉక్కు పుల్ల ఒకటి బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి దించి తీశారు. పుల్ల మీద నూనె ఏ గీత దాకా అంటిందో వెలుతురుకు పెట్టి చూశారు. ఒక చుక్కను వేళ్ల మధ్య రుద్దారు.

"బిడ్డా, పొద్దుగాల సల్లగున్నప్పుడే సూడాలె. అప్పుడు నూనె అంత కిందికి దిగి ఉంటది. ఉరికినంక సూస్తే ఉన్నది ఉన్నట్టు కనవడది" అన్నారు.

నాకు నేర్పిన మొదటి పాఠం అదే. వంట తర్వాతెప్పుడో నేర్పారు.

ఇంజన్ నూనె పోసే గరాటును ఆవిడ ఎప్పుడూ గుడ్డలో చుట్టి పెట్టేవారు. దానికి దుమ్ము అంటితే నాకు చీవాట్లే. ఊళ్ల రోడ్ల మీద తిరిగొచ్చిన ప్రతిసారీ గాలి ఫిల్టర్ విప్పి దులిపేవారు. నూనె మార్చే రోజున ఇంజన్‌ను కాసేపు నడిపి, వేడెక్కాక పాత నూనె వంచేవారు. వేడి మీదైతే మురికంతా దాంతోపాటే దిగుతుందట. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కూడా వారానికోసారి దాన్ని నడిపి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. ఎందుకత్తమ్మా ఉత్తగా డీజిల్ తగలేయడం అని అడిగితే, పండుకున్న మనిషిని కూడా పలకరిస్తం కదా అని నవ్వారు.

ఆవిడ ఎంత గట్టి మనిషో నాకు తెలిసింది ధర్మసాగర్ పెళ్లిలో. ఎండాకాలం, పట్టపగలు ముహూర్తం. పొద్దుటినుంచి కరెంటు లేదు. కూలర్లు, మైకు, వంటల దగ్గర నీళ్ల మోటారు అన్నీ మా జనరేటర్ మీదే నడుస్తున్నాయి. జీలకర్ర బెల్లం పెట్టే వేళ దగ్గరపడింది. నాతో మాట్లాడుతున్న అత్తమ్మ సగం మాటలో ఆగి లేచారు. నాకు ఏ తేడా వినిపించలేదు. ఆవిడ మాత్రం ప్యానెల్ మీద నూనె ఒత్తిడి చూపే ముల్లు వైపు చూశారు. ముల్లు పడిపోతోంది. మరుక్షణం ఇంజన్ ఆపేశారు.

కూలర్లు ఆగాయి, మైకు మూగబోయింది. పెళ్లికూతురి నాన్న పరుగున వచ్చి, పెళ్లి నడిమిట్ల ఆపుతారా అని మామయ్య మీద కేకలేశాడు. మామయ్య అత్తమ్మను బతిమాలారు, ముహూర్తం దాటేదాకా ఎట్లయినా నడిపించమని. ఆ ఇంజన్ మీదే మా ఇల్లు గడిచేది. నూనె లేక అది బిగుసుకుపోతే మళ్లీ కొనే తాహతు మాకు లేదు. ఆ సంగతి మామయ్యకూ తెలుసు, కానీ ఎదురుగా నిలబడ్డ పెళ్లికూతురి నాన్న ముఖం చూసి ఏమీ తోచలేదు.

అత్తమ్మ గొంతు పెంచలేదు. "ఆపకుంటే తాళి కట్టేదాక సుత నడువది అన్నా. దానంతటది ఆగితే మల్ల లేవది. జర ఓపిక వట్టుండ్రి, నేను లేపుత" అన్నారు.

ఇంజన్ కింద దూరి చూస్తే నేలంతా నల్లగా తడిసి ఉంది. నూనె వంచే బోల్టు దగ్గర వాషర్ అరిగి, దారి కుదుపులకు బోల్టు వదులైంది. కొత్త వాషర్ ఆవిడ పెట్టెలోనే ఉంది. మిగిలిన నూనె మోచేయి మీదుగా కారుతుంటే, కాలుతున్న బోల్టును గుడ్డతో పట్టుకొని వాషర్ మార్చి బిగించారు. బరువు దండగ అని మామయ్య ఎప్పుడూ గొణిగే నూనె డబ్బా నేను ఎత్తి పోశాను. నూనె కిందికి దిగేదాకా ఆగి, పుల్ల తీసి చూసి, అప్పుడు స్టార్ట్ చేయమని నాకు సైగ చేశారు. ముల్లు మెల్లగా పైకి లేచింది.

జీలకర్ర బెల్లం మైకు లేకుండానే అయిపోయింది. తాళి కట్టే వేళకు మంత్రాలు మళ్లీ ఊరంతా వినిపించాయి. తర్వాత పెళ్లికూతురి నాన్న తానే విస్తరి పట్టుకొని పందిరి వెనక్కి వచ్చాడు. "తిను చెల్లే" అన్నాడు. ఆవిడ చేతులకు నూనె ఉందంటే, కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు కూడా ఆయనే పోశాడు.

మోకాళ్లు మొరాయించాక అత్తమ్మ ఇంటిపట్టునే ఉన్నారు. నేను మొదటిసారి ఒక్కదాన్నే ఇంజన్‌తో వెళ్లాల్సి వచ్చినప్పుడు, పెళ్లివాళ్లు ఫోన్ చేసి అక్క రాదా అని అనుమానంగా అడిగినట్టున్నారు. "నేనొచ్చినా నా కోడలొచ్చినా ఒకటే. ఫికర్ వెట్టుకోకుండ్రి" అని అత్తమ్మ ఫోన్ పెట్టేశారు. నేను పక్క గదిలో ఉన్నానని ఆవిడకు తెలియదు. నా చదువుకు, నా పెళ్లికి ఎవరెవరో ఎన్నో మంచి మాటలన్నారు. వాటిలో ఏదీ నాకు ఇంత గొప్పగా అనిపించలేదు.

ఆవిడ దినం నాడు లైన్ పని ఉందని మా వీధిలో కరెంటు తీశారు. మా ఇంజనే తెచ్చి వాకిట్లో పెట్టాం. ధర్మసాగర్‌నుంచి ఆ పెళ్లికూతురు తన పిల్లలతో వచ్చింది. ఊళ్లోని టెంట్ హౌస్‌ల వాళ్లంతా వచ్చి, ఫొటోకు దండం పెట్టి, ఇంజన్ చుట్టూ నిలబడ్డారు. భోజనాలు ముగిసే వేళకు కరెంటు వచ్చింది. ఫ్యాన్లూ లైట్లూ లైన్‌కి మార్చేసి, ఇంజన్ ఆపబోయాను.

"జరసేపు నడువనియ్యి" అన్నారు మామయ్య. "ఉరికొచ్చినోన్ని దమ్ము తీసుకోనియ్యాలె అంటుండె మీ అత్త."

ఇన్నేళ్లలో ఆయన ఇంజన్ దగ్గర కూర్చోవడం నేను చూడలేదు. కుర్చీ జరుపుకొని దాని పక్కనే కూర్చున్నారు. ఏ బరువూ లేని ఇంజన్ తేలికగా, ఒకే తీరున నడుస్తోంది. దాని హ్యాండిల్‌కి ఎవరో కట్టిన బంతిపూల దండ సన్నగా అదురుతోంది.