వెనక్కి పిలిచిన అవ్వ

తొమ్మిదో తరగతిలో మా గైడ్స్ దళం ములకలపల్లి దగ్గర క్యాంపు వేసింది. అడవిలో నడుస్తుంటే ఒక అవ్వ తునికి పండ్లు అమ్ముతోంది. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని, ఊరుకుంటానా? బేరానికి ఆగాను. మిగతా పిల్లలు ముందుకు వెళ్లిపోయారు. అవ్వ ధర దించలేదు. ఎలాగూ వెనక్కి పిలుస్తుందని, వద్దంటూ విసురుగా కదిలాను.

నిజంగానే పిలిచింది. గెలిచాననుకుని ఇంకా జోరుగా నడిచాను. అవ్వ గంప వదిలేసి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గటు పోతవేంది బిడ్డా? ఎలుగుబంటి తిరుగుతది! నీతోటి పిల్లలు ఇటు పోయిండ్రు."

నాకు ఏడుపొచ్చింది. "ధర తగ్గిస్తవనుకున్న అవ్వా!"

ఆమె పకపకా నవ్వింది. "పండ్లదేముంది, నీకేమన్నయితే మీ అమ్మకేం చెప్పాలె?"

దళం కనిపించేదాకా చెయ్యి వదల్లేదు. ఇంట్లోవాళ్లు కాక, నా కోసం అంత పరుగు తీసింది ఇప్పటికీ ఆమె ఒక్కతే.