ఫ్యాను ఆపేసిన గదిలో పది ప్రశ్నలు

జూన్ 15, ఆదివారం, సాయంత్రం ఐదున్నర. మా ముందు గది. ఉన్నవారు: నేను, నా భార్య, కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి, ఆమె తండ్రి, ఆమె తల్లి.

ఆనాటి డైరీలో సక్రమంగా ఉన్నది ఇంతే. దాని కింద "లిజనింగ్, పదికి నాలుగు" అని రాసి, గీత గీసి వదిలేశాను. ఆ రోజు రాయకుండా వదిలేసినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. అందరిలా ఇంజనీరింగ్ కాకుండా ఎకనామిక్స్ చదవాలని ఆమె పట్టుదల. ఆమె కోరుకున్న యూనివర్సిటీలో చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. అందులో మూడు భాగాలు: విని జవాబులు గుర్తించడం, గ్రామరు, పదజాలం. నేను కంకిపాడు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఫిబ్రవరిలో ఆమె తల్లి పైకి వచ్చి, "కాస్త మా పిల్లకి చెప్పండి మాస్టారూ" అని అడిగింది. సంతోషంగా ఒప్పుకున్నాను.

గ్రామరు, పదజాలం విషయంలో నాకు ఏ బెంగా లేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక రోజుకు ఇరవై మాటలు రాసి ఇచ్చేవాణ్ణి. మర్నాడు అప్పజెప్పేది. తప్పులు చేస్తే ఏ తప్పు ఎందుకు చేసిందో పక్కన రాయించేవాణ్ణి. రెండు నెలలకే ప్రిపొజిషన్లలో నాకు అనుమానం వచ్చినచోట ఆమెకు రాలేదు.

చిక్కంతా మొదటి భాగంతోనే. నాలుగేళ్ళ కిందట చెవి డాక్టరు ఒక గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, రెండు చెవులూ బాగా తగ్గాయనీ మిషను పెట్టుకోవాలనీ చెప్పాడు. ఇంటికి వచ్చి నా భార్యతో గుబిలి తీశారని చెప్పాను. ఆ రాత్రి డైరీలో కూడా "చెవిలో గుబిలి తీయించుకున్నాను" అనే రాశాను. నా డైరీలో తెలిసి తెలిసి అబద్ధం రాసింది ఆ ఒక్కసారే. ఎదురుగా మనిషి ఉంటే పెదవులు చూసి చాలావరకు పట్టుకోగలను. ఫోను మోగితే నా భార్యకు ఇచ్చేస్తాను. టీవీలో కింద అక్షరాలు వచ్చే వార్తలే చూస్తాను. పెట్టెలో నుంచి వచ్చే గొంతు మాత్రం నాకు ఒట్టి మూలుగులా వినిపిస్తుంది.

అందుకని ఆ పరీక్ష పుస్తకం చివర అచ్చువేసిన సంభాషణలు నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆడగొంతు, మగగొంతు మార్చి చదివితే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయేది. క్లాసులో డిక్టేషన్ చెప్పిన అలవాటు కొద్దీ ప్రతి వాక్యాన్నీ ఒకసారి నింపాదిగా, ఒకసారి ముక్కలుగా చదివేవాణ్ణి.

"పరీక్షలో ఇట్లా రెండుసార్లు చెప్పరంట మాస్టారూ. ఫోన్లో ఆడియో ఉంది, పెట్టనా?" అని అడిగింది ఒకసారి.

"వాళ్ళ యాస ఇప్పుడే వింటే నీ ఉచ్చారణ చెడిపోతుంది. ముందు నా దగ్గర అలవాటు పడు," అన్నాను.

అంత తడుముకోకుండా చెప్పాను కాబట్టి ఆమె నమ్మింది.

ఆమె తండ్రికి ఆటోనగర్‌లో లారీ బేరింగుల షాపు ఉంది. కూతురంటే ప్రాణం, కానీ ఈ పరీక్షంటే గురి లేదు. కంకిపాడు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముందే సీటు అట్టేపెట్టించాడు. సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా సర్టిఫికెట్లతో అక్కడ హాజరు కావాలి. ఇంగ్లీషు పరీక్ష కూడా అదే సోమవారం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా గన్నవరం దగ్గరి ఒక కంప్యూటర్ సెంటర్లో. రెంటికీ వెళ్ళడం కుదరదు. అందుకని ఆదివారం సాయంత్రం ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. ఆ యూనివర్సిటీలో చదివే సీనియరు అమ్మాయి ఒకరు పాత పరీక్ష ఆడియో, ప్రశ్నలు ఫోనుకు పంపింది. జవాబులు పంపలేదు. చూసుకోవడానికి అచ్చు పుస్తకం కూడా లేదు.

"నాకు ఇంగ్లీషు రాదు మాస్టారూ. తిరిగే చక్రం చప్పుడు వింటే ఏ బేరింగు పోయిందో చెప్తా, అంతే. మీరు వినండి, మీరే దిద్దండి. పదికి ఏడొస్తే రేపు గన్నవరం తీసుకెళ్తా. రాకపోతే కంకిపాడు. ఇంకో మాట లేదు," అన్నాడు.

"ఏడే ఎందుకయ్యా? ఆరొస్తే పాపమా?" అంది నా భార్య.

"బేరమాడకండి పిన్నిగారూ, ఇది షాపు కాదు."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

ఆ తల్లి భక్తి పాటలు పెట్టుకునే గుండ్రటి స్పీకరును కింద నుంచి తెచ్చి టీపాయ్ మీద పెట్టారు. సందులో లారీలు తిరుగుతున్నాయని ఆయన లేచి కిటికీలు మూశాడు. ఫ్యాను చప్పుడు అడ్డం వస్తుందని దాన్ని ఆపాడు. చివరికి వీధి తలుపు కూడా వేసి, దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను మూలనున్న నా పడక కుర్చీలో ఉన్నాను. లేవాలంటే టీపాయ్ జరపాలి, అమ్మాయి జరగాలి, ఆయన కుర్చీ తీయాలి. ఇదంతా నేను అప్పుడే లెక్కవేసుకున్నానంటే, ఏం జరగబోతోందో నాకు ముందే తెలుసన్నమాట.

నా చేతిలో ఒక తెల్లకాగితం ఉంది. పేపర్లు దిద్దే క్యాంపుల్లో నేను ఎప్పుడూ పాటించిన నియమం ఒకటి: దిద్దేవాడు ముందు తన జవాబుల కీ తాను రాసుకోవాలి, అదీ పెన్నుతో. పిల్లల జవాబు చూశాక మనసు అటు మొగ్గుతుంది కాబట్టి. అలవాటుగా ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకున్నాను.

ఆడియో మొదలైంది. గొంతులు ఉన్నాయి గాని మాటలు లేవు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి గోడ అవతల మాట్లాడుకుంటున్నట్టుంది. అమ్మాయి తల వంచుకుని పెన్సిలుతో గుర్తు పెట్టింది. నేను "సి" అని రాశాను.

మొదటి ప్రశ్న దగ్గరే ఆపమని చెప్పాల్సింది. రెండో ప్రశ్న దగ్గర చెప్పినా పోయేది. మూడోది వచ్చేసరికి, మరి మొదటి రెంటికీ ఎలా రాశారని అడుగుతారు. ఐదోది దాటాక చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఒక్కొక్క అక్షరం రాస్తున్న కొద్దీ నా కుర్చీ గోడలోకి ఇంకాస్త జరుగుతున్నట్టనిపించింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. స్పీకరు వంక చూసి లాభం లేదు కాబట్టి అమ్మాయి ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్ళు ప్రశ్నల మీద కదిలే తీరును బట్టి ఏదో ఊహించడానికి ప్రయత్నించాను. పది ప్రశ్నలూ అయ్యాయి.

రెండు కాగితాలూ నా ఒళ్ళోకి తీసుకుని నాలుగు మార్కులు అటూ ఇటూ సర్దవచ్చనుకున్నాను. ఆ అవకాశం దక్కలేదు. ఆమె తండ్రి వచ్చి నా కుర్చీ చేతి మీద కూర్చుని, రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా ఎ, బి, సి, డి పోల్చడానికి ఏముంది?

"ఒకటి, మాస్టారు సి, నువ్వు సి. భలే! రెండు, మాస్టారు ఎ, నువ్వు డి. మూడు, మాస్టారు బి, నువ్వు..."

చదువుతున్న కొద్దీ ఆయన గొంతు తగ్గింది. పదికి నాలుగు.

అమ్మాయి తన కాగితం మీద మూడో అంకె దగ్గర వేలు పెట్టింది. "మాస్టారూ, మూడోది బి కాదేమో. లైబ్రరీ మూసేశారు, క్యాంటీన్లో కలుద్దామని ఆవిడ చెప్పింది కదా. ఒకసారి మళ్ళీ పెట్టనా?"

"మాస్టారు ఇన్నేళ్ళు చెప్పిన ఇంగ్లీషు కన్నా నీది ఎక్కువా?" అన్నాడు తండ్రి.

నలుగురూ నా వైపు తిరిగారు. అందరి పెదవులూ కనిపిస్తున్నాయి కాబట్టి ప్రతి మాటా అర్థమైంది. "పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారమ్మా," అన్నాను.

అది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. దిద్దిన మాస్టారుతో వాదించకూడదని ఆమెకు నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. "పోన్లేమ్మా, కంకిపాడు కాలేజీ మాత్రం తక్కువదా?" అంటూ తండ్రి ఆమె వీపు నిమిరాడు. మెట్లు దిగబోతూ తల్లి వెనక్కి తిరిగి, "ఫ్యాను వేయండి పిన్నిగారూ, పాపం మాస్టారు తడిసి ముద్దయ్యారు" అంది.

అన్నం వడ్డించేటప్పుడు నా భార్య నాకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. "ఆ డబ్బా మోగినంతసేపూ మీరు ఆ పిల్ల మొహమే చూశారు. నేను పిలిస్తే నా మొహం ఎట్లా చూస్తారో, అట్లా. మీకు ఒక్క ముక్కైనా వినపడిందా?"

"పప్పులో ఉప్పు తగ్గింది," అన్నాను.

"ఉప్పు సరిగ్గానే ఉంది. ఎప్పట్నించి?"

"నాలుగేళ్ళు."

"మరి గుబిలి అన్నారు?"

ఆమె మజ్జిగ పోసి గిన్నె పక్కన పెట్టింది. "పొద్దున ఏడింటికి వాళ్ళు బయల్దేరతారు," అని లేచి వెళ్ళిపోయింది.

సోమవారం ఉదయం ఆరు నలభైకి నేను మెట్లు దిగాను. ఆమె తండ్రి బండి సీటు తుడుస్తున్నాడు. అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు గుండెకు ఆనించుకుని గేటు దగ్గర నిలబడింది. తల్లి మంచినీళ్ళ సీసా తెచ్చి ఇస్తోంది. రాత్రంతా మాటలు పేర్చుకున్నాను గాని, తీరా అక్కడికి వెళ్ళాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"నిన్న నాకు వినపడలేదు," అన్నాను.

"అంటే స్పీకరు బాగోలేదా? నేననుకుంటానే ఉన్నా, అది పాతది," అన్నాడాయన.

ఆయన తలుపు తెరిచి పట్టుకున్నట్టే అయింది. అటు వెళ్ళిపోవచ్చు.

"స్పీకరు బాగానే ఉందండీ. నా చెవులే బాగోలేవు. ఒక్క ముక్క కూడా వినపడలేదు. ఆ జవాబులన్నీ ఊహించి రాశాను."

చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని ఆయన నన్ను చూశాడు. "మరి ఈ నాలుగు నెలలూ?"

"పుస్తకం చూసి చదివాను. వినిపించమని ఒకసారి అడిగింది కూడా. వద్దన్నాను."

"నిన్న ఒక్క మాట అనుంటే పోయేది కదండీ. నలుగురమే కదా ఉన్నాం. రాత్రి అది అన్నం ముట్టలేదు, తెలుసా మీకు?"

అమ్మాయి ఏదో అంది, నాకు అందలేదు. అప్పుడామె ఫైలు తల్లి చేతికిచ్చి, నా ముందుకు వచ్చి, ముఖం పైకెత్తి మళ్ళీ చెప్పింది. "నేను రోజూ ఫోన్లో వింటానే ఉన్నా మాస్టారూ. మీరు వద్దన్నారని చెప్పలేదు."

ఆమె తండ్రి గుడ్డను హ్యాండిలు మీద వేశాడు. "ఇట్రా. నిన్న నీకు వినపడిందా?"

"వినపడింది నాన్నా."

"అన్నీ?"

"తొమ్మిది. పదోది తెలీలేదు. గుడ్డిగా పెట్టేశా."

"మాస్టారి లాగా," అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

ఆయన వాచీ చూసుకున్నాడు. తర్వాత, "హాల్ టికెట్ ఎక్కడుంది?" అని అడిగాడు. అమ్మాయి లోపలికి పరుగెత్తింది. పుస్తకాలన్నీ ముందు రాత్రే అట్టపెట్టెలో పెట్టి కట్టేసిందట. పెట్టె చింపి టికెట్ తీసుకుని వచ్చేసరికి ఏడూ పది అయింది. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే బండెక్కింది. వెళ్తూ నా వైపు చూడలేదు. ఆయనా చూడలేదు. సందు చివర బండి గన్నవరం దారి పట్టింది.

పైన మెట్ల దగ్గర నా భార్య నిలబడి ఉంది. "చెప్పాను," అన్నాను.

"విన్నాను. మీకు వినపడదు కదా, వీధంతా వినపడేట్టు చెప్పారు," అంది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ బకెట్టు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

ఆ తల్లి మాత్రం ఇంకా గేటు దగ్గరే ఉంది. కాలేజీ సర్టిఫికెట్ల ఫైలు ఆమె చేతిలోనే ఉంది. "పన్నెండు దాటితే ఆ సీటు ఉండదు కదా మాస్టారూ?" అని అడిగింది.

"ఉండదమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి గేటు మూసింది.