ఎండలో వేసుకునే కుర్చీ

నేను చీపురుపల్లికి కాపురానికి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. మాంగనీసు గనుల్లో పనిచేసిన స్వీడన్ ఇంజనీరు ఒకాయన ఆ ఏడే స్వదేశానికి వెళ్లిపోతూ మా మామగారికి ఒక కుర్చీ ఇచ్చాడు. మామగారిది చింతపండు వ్యాపారం. ఆ దొర ఇంటికి సరుకులన్నీ మా కొట్టునుంచే వెళ్లేవి.

మన పడక కుర్చీలాంటిది కాదది. లేతరంగు చెక్కను విల్లులా వంచి చేశారు. నేలకు జానెడు ఎత్తు. కూర్చుంటే మోకాళ్లు గడ్డాన్ని, కళ్లు ఆకాశాన్ని చూస్తాయి. వాళ్ల దేశంలో ఎండ అరుదట. అది రాగానే ఇలాంటివి ఆరుబయట వేసుకుని ఒళ్లు కాచుకుంటారట. మామగారు ఏ వస్తువునైనా చెప్పిన పద్ధతిలోనే వాడే మనిషి. మర్నాడే దాన్ని వీధి వాకిట్లో ఎండలో వేయించి, చొక్కా విప్పి పడుకున్నారు.

"మనకి ఎండకేటి కరువండీ? మిరపకాయల్లాగ ఎండిపోతారు," అంది అత్తగారు.

"ఇది ఎండ కుర్చీ. నీడలో ఏస్తే దొర ఏటనుకుంటాడు?" అన్నారాయన. దొర అప్పటికే ఓడెక్కేశాడు.

మూడో రోజు నీళ్లకు వెళ్తుంటే ఎదురింటావిడ నన్ను ఆపింది. "ఏటమ్మా, మీ మావని బైట పడుకోబెట్టేసినారేటి?"

కొత్త కోడలిని, ఎక్కువ మాట్లాడకూడదు. "ఎండలో ఉండాలంటండి. దొరగారు సెప్పారంట," అన్నాను.

ఆవిడకు తెలిసిన దొర ఆసుపత్రి డాక్టరు ఒక్కడే. పైగా ఇక లాభం లేదనుకున్న మనిషినే మా వైపు వాకిట్లోకి తెచ్చి పడుకోబెడతారు. ఆ కబురు ఎవరి నోట వెళ్లిందో, వారం తిరక్కుండా పాతపట్నం నుంచి మామగారి అక్క కాశీ గంగ చెంబుతో దిగింది. జుట్టు విరబోసుకుని వీధి మొదట్నుంచే ఏడుస్తూ వచ్చింది.

"ఒరే తమ్ముడా! నన్నొగ్గేసి పోతావేట్రా!"

మామగారు కంగారుగా లేవబోయారు. ఆ కుర్చీలోంచి ఒంటరిగా లేవడం ఆయన వల్ల కాదు. రోజూ కొట్టులో మూటలు మోసే కలాసీలు ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగాలి. ఆయన కాళ్లు గాలిలో కొట్టుకోవడం చూసి ప్రాణం పోతోందనుకుంది ఆవిడ. "అప్పా, నాకేటీ..." అని ఆయన నోరు తెరిచారు. గంగ పోసేసింది. పొలమారింది. మళ్లీ తెరిచారు, మళ్లీ పోసింది. నేను పరుగెత్తి కలాసీలను పిలుచుకొచ్చేసరికి చెంబు ఖాళీ. తడిసిన మీసాలతో తమ్ముడు లేచి నిలబడగానే ఆవిడ దడుచుకుని మూడడుగులు వెనక్కి వేసింది.

భోజనాల దగ్గర ఆయన అడిగారు. "బావ రాలేదేటి?"

"సంత రోజురా. కొట్టు కట్టేసి ఎలాగొస్తాడు?"

"నేను పోతన్నానని తెలిసి కూడానా?"

ఆవిడ ఇంకాస్త పులుసు పోసుకుని అన్నం కలుపుకుంది. మామగారు సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

ఆ తర్వాత ఆయన ఆ కుర్చీ జోలికి పోలేదు. ఆవిడే రెండు రోజులు అందులో పడుకుని, నడుం నొప్పి తగ్గిందని, తనకిచ్చేయమని అడిగింది.

"అట్టుకెళ్లు. బావ మాత్రం ఇందులో కూకోకూడదు," అని మామగారు ఆవిడ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఆవిడ ఒట్టేసి, కుర్చీతో రైలెక్కింది. బావతో ఆయన మళ్లీ మాట్లాడటానికి ఏడాది పైనే పట్టింది.