తూటాలు నింపిన బాబాయి

మొన్న మంగళవారం డ్యూటీలో ఉండగా బాబాయి కూతురు ఊరి నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్న పోయారు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి వాలిపోయారు" అంది. ఏం అడగాలో తెలియక, "గ్లాసు పగిలిందా?" అని అడిగాను. "లేదన్నయ్యా, జాగ్రత్తగానే పెట్టారు" అంది.

బాబాయి నాకు చుట్టం కాదు. ఇక్కడ బహ్రెయిన్‌లో, కర్జకాన్ దగ్గర, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తోటలో పద్దెనిమిదేళ్ళు ఉన్న మనిషి. కఫీల్‌కి లైసెన్సు తుపాకులున్నాయి. గాల్లోకి విసిరిన మట్టి పళ్ళేల్ని కాల్చడం ఆయన సరదా. కాల్చేసిన తూటాల డొప్పల్లో మళ్ళీ తుపాకి మందూ సీసం గుళ్ళూ నింపి ఇవ్వడం బాబాయి పని. ఆయన ఊరెళ్ళిపోయేలోగా నేర్చుకోమని నన్ను పెట్టారు.

అప్పటికి నేను కరపత్రాలు చదివి చదివి, లోకంలో అన్యాయమంతా నా ఒక్కడి పూచీ అన్నట్టు ఉండేవాణ్ణి. మొదటి రోజే చెప్పేశాను, "తుపాకీ ఉన్నోడికి సాయం చెయ్యను బాబాయ్" అని. ఆయన తలెత్తలేదు. "పగిలేది మట్టి పళ్ళెమేరా. దానికీ సంఘం పెడతావా ఏంటి?" అన్నారు. ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది.

మొదటి నెలంతా ఖాళీ డొప్పలు ఏరడమే. అంచు చిట్లినవి డబ్బాలోకి, మంచివి గుడ్ల అట్టల్లోకి. మందు డబ్బా మూత ముట్టనిచ్చేవారు కాదు. ఆ గదిలోకి వెళ్ళేముందు ఫోను గుమ్మం బయట చెప్పులో పెట్టాలి. లోపల మాటలుండవు. ఒక డొప్పలో మందు పోశాక వంగి లోపలికి చూసి, పెదాలు కదిపి అంకె చెప్పుకుని, అప్పుడే పక్కదానికి వెళ్ళేవారు. పనయ్యాక మూడుసార్లు చేతులు కడుక్కుని, వాసన చూసుకుని గానీ అన్నం కలిపేవారు కాదు. "సీసం కంటికి కనపడదు, కడుపుకి తెలుస్తుంది" అనేవారు.

మందు పొయ్యడం నేర్పాక రోజూ ఒకటే ప్రశ్న: "కోపంగా ఉన్నావా? ఉంటే చెట్లకి నీళ్ళు పెట్టు, రేపు రా." సగం రోజులు ఖర్జూరం చెట్ల దగ్గరే గడిచాయి నాకు.

ఒక గురువారం "లేదు" అని అబద్ధం చెప్పాను. లేబర్ క్యాంపులో ఉండే నా స్నేహితుడికి పెళ్ళికి వెళ్ళడానికి వాళ్ళ సూపర్‌వైజర్ సెలవివ్వలేదు, పెళ్ళి అతనిదే. మందు పోస్తూ, ఆ సూపర్‌వైజర్‌ని అడగాల్సినవన్నీ మనసులో అడుగుతూ పోయాను. రెండొందల తూటాలు నింపి మూసేశాం. శుక్రవారం పొద్దున లేస్తూనే అనుమానం వచ్చింది. ఒకదాంట్లో మందు రెండుసార్లు పోశానేమో. ఆ ఒక్కటి ఏదో తెలీదు. అలాంటిది పేలిస్తే గొట్టం చీలి, పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది.

బాబాయికి చెప్పాను. తిట్టలేదు. బ్లేడు తీసుకుని కూర్చున్నారు. సెలవు రోజు మధ్యాహ్నం దాకా రెండొందలూ కోశాం. ఒక్కదాంట్లోనూ మందు ఎక్కువ లేదు.

"ఊరికే పాడుచేశాం" అన్నాను.

"లేదని తెలిసిందిగా. తెలియకుండా ఒకడి చేతికి ఎలా ఇస్తాంరా?"

"తప్పు నాదని కఫీల్‌కి చెప్తాను. నిజం దాచడం నా వల్ల కాదు."

"నాకు చెప్పావుగా. ఆయనకి చెబితే నీ వీసా ఖలాస్. ఊరుకో."

నమాజు నుంచి కఫీల్ చుట్టాలతో వచ్చాడు. తూటాలు లేవని విని అందరి ముందూ కేకలేశాడు. "నా చెయ్యి తప్పింది బాబా" అన్నారు బాబాయి, పద్దెనిమిదేళ్ళలో ఒక్క తూటాలోనూ తప్పు చెయ్యని మనిషి. ఆయన వెనక నిలబడ్డ నేను ఉండబట్టలేక ఒక అడుగు ముందుకేశాను. ఆయన తిరిగి చూడలేదు. తలొంచుకుని తిట్లు వింటూనే, ఒక చెయ్యి నడుం వెనక్కి పెట్టి, నల్లబడ్డ అరచెయ్యి నాకేసి తెరిచి పట్టుకున్నారు, ఆగమన్నట్టు. కఫీల్ వెళ్ళిపోయేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.