ముసలాయన కింది సీటు

మా ఆయనకు కర్నూల్లో రంగుల కొట్టు ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గల్లాపెట్టెకు దండం పెట్టి కూర్చునే మనిషి. అలాంటి మనిషికి నలభై దాటాక పాత కార్ల పిచ్చి పట్టుకుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో కడపలో ఒక పాత బంగళా చేతులు మారుతుంటే, దాని షెడ్డులో పడి ఉన్న ఇంగ్లాండు కారును కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. మా ఊరి ఎండలో దాంట్లో ఎవరు తిరుగుతారో నాకైతే అర్థం కాలేదు.

తీరా చూస్తే కారులో ఉన్న సీట్లు దానివి కావు. ఎవరో జీపు సీట్లు కోసి బిగించారు. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని బెంగళూరు వాళ్ళను అడిగి అసలు సీట్ల గుర్తులన్నీ తెలుసుకుని, అన్నం తింటూ నాకు పాఠం చెప్పేవాడు.

"మనిషి ఆనుకునే చోటే తోలు. పక్కలకు అదే రంగు రెగ్జిన్. అంతా తోలే ఉందంటే, తర్వాత ఎవడో కుట్టించినాడని అర్థం. అడుగున స్ప్రింగులుండవు. బెజ్జాలున్న ప్లైవుడ్ పలక, దాని మీద రబ్బరు."

తోలు అన్నప్పుడల్లా మా అత్త కంచం దూరంగా జరుపుకునేది.

ఒక సీటు ఆ షెడ్డులోనే గోనెసంచుల కింద దొరికింది. రబ్బరును ఎలుకలు తొలిచి గూడు చేసుకున్నాయి. ఆయన లోపలికి చెయ్యి పెట్టి, కళ్ళు తెరవని ఎర్రటి ఎలుక పిల్లల్ని పిడికెడు బయటికి తీసి పారేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, "అసలుదే!" అన్నాడు. ఆ చేత్తోనే నా భుజం తట్టాడు.

రెండో సీటును బంగళా యజమాని ఎప్పుడో తోటమాలికి ఇచ్చేశాడట. ఆ తోటమాలిది పులివెందుల దారిలో ఒక పల్లె. కడపలో పెళ్ళికి వెళ్ళి వస్తూ, నన్నూ తీసుకుని ఆయన డ్రైవరుతో ఆ పల్లెకు బండి తిప్పించాడు.

రేకుల ఇల్లు. తలుపు మీద సిలువ, పక్కన చర్చి క్యాలెండరు. వసారాలో నాలుగు ఇటుకల మీద సీటు పెట్టి, అందులో ఆ తోటమాలి ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. ఎన్నో ఏళ్ళు కూర్చుని కూర్చుని ఒళ్ళంతా దాంట్లో ఒదిగిపోయింది. కోడలు శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. కొడుకు ముగ్గురాళ్ళ గని పనికి పోయాడట.

"ఎవరు కావాలప్పా?" అంది కోడలు.

మా ఆయన నేరుగా వసారా ఎక్కాడు. ముసలాయన తొడ పక్కన వంగి, సీటు అంచును గోటితో గీకాడు. "రెగ్జినే! చూడు, చూడు!" అన్నాడు నాతో.

"అది మా మామ కూచునేది. పండుకుంటే ఊపిరాడదు. రాత్రీ పగలూ దాంట్లోనే ఉంటాడు."

"ఊరికే చూస్తానమ్మా. ఒక్క నిమిషం ఆయన్ని దించండి."

ఆమె ఏదో అనేలోపే మా ఆయన, డ్రైవరు చెరో చంకా పట్టి లేపారు. "పడతా నాయనా, పడతా," అన్నాడు ముసలాయన. బస్తా దించినట్టు నేల మీద దించారు. పంచె ఊడిపోయింది. కోడలు పరుగున వచ్చి కప్పింది. మా ఆయన అటు తిరిగి చూడనైనా లేదు. సీటు బోర్లా తిప్పాడు. బెజ్జాల పలక ఉచ్చకు నాని నల్లబడింది. ఆ వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం ముక్కు దాని దగ్గరికి తీసుకెళ్ళి, గట్టిగా పీల్చి, "పాత రబ్బరు వాసనే వేరు," అన్నాడు.

"నన్ను కూచోబెట్టండప్పా," అంటున్నాడు ముసలాయన కింద నుంచి.

సీటుకు బదులుగా ఇవ్వడానికి మా ఆయన పంపితే, డ్రైవరు రోడ్డు మీది అంగడి నుంచి కొత్త ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. "వద్దండీ, ఆయన దాంట్లో నిలవలేడు," అన్నాను. "నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు మా ఆయన. సీటును డిక్కీలోకి ఎక్కిస్తుంటే కోడలు ముసలాయన పంచె సర్దుతూ ఉండిపోయింది. ఆ సీటు రోజూ కడగాల్సింది ఆమే కాబట్టి ఊరుకుందో, కారున్న మనిషితో ఎందుకని ఊరుకుందో నాకు తెలియదు.

డిక్కీలో ఆ సీటు, దాని వాసన కర్నూలు దాకా మాతోనే వచ్చాయి. ఆళ్ళగడ్డ ఇవతల బండి ఆపించి కక్కుకున్నాను. పెళ్ళి భోజనం పడలేదేమో అన్నాడాయన. ఇంట్లో మా అత్త పసుపు నీళ్ళు చల్లించింది. ఉచ్చ కంపు ఆమెకు పట్టలేదు. "ఏ కులమోళ్ళు కూచున్నారో ఏమో," అంది. తోలు మారిస్తే విలువ పోతుందని, ఆయన ఆ తోలునే కడిగించి తులసికోట పక్కన ఆరబెట్టాడు. 

కొన్నాళ్ళకు కడపలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి నవారు అల్లించి, ఆటోలో వేసుకుని ఆ పల్లెకు పోయాను. ప్లాస్టిక్ కుర్చీ మీద నీళ్ళ బిందె ఉంది. ముసలాయన నేల మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. పక్కకు ఒరిగిపోకుండా పాత చీరతో ఛాతీ చుట్టూ వేసి గుంజకు కట్టారు.

"కుర్చీలోంచి జారి జారి పడతాండాడు. ఏం జేయల్ల?" అంది కోడలు.

ఇద్దరం కలిసి ఆయన్ని నవారు కుర్చీలో కూర్చోబెట్టాం. మంచి చేత్తో కుర్చీ అంచు తడిమి, "ఇది అది కాదు," అన్నాడు.

కోడలు నన్ను కూర్చోమనలేదు. "ఆ సీటు యాడ పెట్టుకున్నాడు మీ ఆయన?" అంది.

"కారులో."

"దాంట్లో తిరుగుతాండాడా?"

"లేదు. ఇంకా ఇంజను బాగు కాలేదు."

"ఇంజనే బాగు కాల్యా?" అని నా ముఖంలోకి చూసింది. నేను తల తిప్పుకుని ఆటో ఎక్కాను.

తర్వాత ఇంజనూ బాగైంది. బెంగళూరులో పాత కార్ల ప్రదర్శన జరిగింది. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి సీటు ఎత్తి, పలక చూసి, పక్కలు బొటనవేలితో నొక్కి, రెండూ అసలువే అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళకు మా ఆయన కథ చెప్పాడు: "ఒక ముసలోడు దాని మీద ఉచ్చ పోస్తా కూచున్నాడండీ! సమయానికి పోయి కాపాడినా." పళ్ళరసం గ్లాసులు పట్టుకుని అందరూ పగలబడి నవ్వారు. ఫోటోకు ఆ సీట్లో కూర్చోమని నన్ను పిలిచాడు. కూర్చోనన్నాను. వాళ్ళందరి ముందే గట్టిగా అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని స్నేహితుడి భార్యను కూర్చోబెట్టాడు. నేను ఒక్కదాన్నే బస్టాండుకు వెళ్ళి కర్నూలు బస్సెక్కాను.

మరుసటి రోజు ఆయన వెండి కప్పుతో వచ్చాడు. మా అత్త దానికి కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. పండగలకు గూట్లోని పటాలన్నీ నేనే తుడుస్తాను. ఆ కప్పు జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు.