కూర్చుని వాయించే పాట

పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే యోబు బాబాయిది పెనుమూడి. ఇరవై ఏళ్ళుగా ఊరేగింపుల్లో పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూనే వాయించాడు. "నడుస్తుంటే సగం ఊపిరి కాళ్ళకే పోతుందమ్మా. ఆనందభైరవి నిదానంగా వాయించాలంటే కూర్చోవాలి" అనేవాడు నాతో.

తెనాలిలో ఒకప్పటి నాటకాల హాలు పై అంతస్తులో ఇప్పుడు ప్రతి శనివారం సంగీత క్లబ్బు నడుస్తోంది. బడి మానేశాక నేను అక్కడ ఊడ్చి, టీలు అందిస్తున్నాను. బాబాయి ఎన్నోసార్లు ఆ చెక్క మెట్లెక్కి దిగితే, కార్యదర్శి కృష్ణకాంత్ గారు చివరికి ఒక శనివారం వేదిక మీద కూర్చుని వాయించడానికి అరగంట ఇచ్చారు.

ఆ సాయంత్రం బాబాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వేదిక మీది కుర్చీని ఒకసారి కదిపి చూసి, తెర పక్కన నిలబడ్డాడు. క్లారినెట్ మూతికి బిగించే రీడు, ఆ పలచని రెల్లు బద్ద, తడిగా లేకపోతే పలకదు. దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

ముందు ముఖ్య అతిథికి శాలువా. తర్వాత ఆయన్ని పరిచయం చేసినాయనకి శాలువా. ఆపైన శాలువాలు తెచ్చినాయనకి కూడా శాలువా. అతిథి గారు మైకు అందుకుని ఈ మేడ గొప్పదనం, దాని రంగుటద్దాల కిటికీలు, ఇక్కడ మోగిన పద్యాలు, అన్నీ చెప్పారు. పాట వినే ఓపిక ఈ రోజుల్లో జనానికి లేదని బాధపడ్డారు. చాలాసేపు బాధపడ్డారు. జనం ఒక్కొక్కరే లేచిపోతున్నారు. నేను టీ ఇవ్వబోతే, నోట్లో రీడు ఉందని బాబాయి తల అడ్డంగా ఊపాడు.

చివరికి కృష్ణకాంత్ గారు తెర దగ్గరికి వచ్చారు.

"యోబూ, టైమైపోయిందయ్యా. సార్ బయల్దేరుతున్నారు. కారు దాకా ముందు నడుస్తూ ఓ ముక్క వాయించు, నిండుగా ఉంటుంది."

బాబాయి రీడు బయటికి తీశాడు. "కూర్చుని వాయించమన్నారు కదండి."

"ఏంటయ్యా, కూర్చుంటే ఒకటీ నడిస్తే ఒకటీనా? నీకు అలవాటేగా."

"అలవాటు కాబట్టే ఇక్కడికొచ్చానండి."

అతిథి గారు మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూస్తున్నారు. బాబాయి అటు వెళ్ళలేదు. వేదికెక్కి కుర్చీలో కూర్చున్నాడు.

కృష్ణకాంత్ గారి ముఖం ఎర్రబడింది. "మళ్ళీ ఈ మెట్లెక్కకు" అన్నారు.

"ఎక్కనండి."

ఆయన మైకు కట్టేశారు. ఫ్యాన్లు కూడా కట్టేసి అతిథి వెనకాల దిగిపోయారు. మిగిలిన నలుగురూ ఫోటో కోసం వాళ్ళ వెంటే వెళ్ళారు. నేను టీ గ్లాసులు ఏరడం ఆపాను.

బాబాయి రీడు బిగించి మొదలుపెట్టాడు. కింద కారు హారన్ మోగింది. ఆపాడు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ మోగింది, ఆపాడు. మూడోసారి మోగినప్పుడు ఆపలేదు.