డిస్కు మీద చుక్క నూనె

మా నాయిన కొత్తకోటలో సైకిల్ మిస్త్రీ. నేను ఆ దగ్గర్లోనే ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టర్ని. మిస్త్రీకీ మాస్టరుకీ అక్షరాల్లో తేడా కొంచెమే, కూర్చోవడంలోనే చాలా ఉంది. ఆయన పీట మీద కూర్చుని పని చేస్తాడు. నేను కుర్చీలో కూర్చుని పని చేస్తున్నట్టు కనబడతాను.

నాయిన తల్లిదండ్రులకు గుంట భూమి లేదు, వేరేవాళ్ల చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆయన పాలమూరులో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, హైవే పక్కన, మా ఇంటి ముందే రేకుల దుకాణం పెట్టుకున్నాడు. ఉస్తాద్ నేర్పిన నియమం ఒకటి ఆయన ఎన్నడూ తప్పలేదు. పంక్చరుకు వచ్చినా, ఉత్త గాలికి వచ్చినా, సైకిలు దుకాణం దాటేముందు తిరిగే ప్రతిచోటా ఒక చుక్క నూనె పడాలి. అడగకపోయినా పడాలి. దానికి పైసా తీసుకోకూడదు. గాలి నిండిన తర్వాత కూడా మనుషులు పెడలు మీద ఒక కాలు పెట్టి ఆగేవాళ్లు, ఆ చుక్క కోసం.

తెలంగాణ వచ్చింది, మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఇంకో జిల్లాలోకి పోయింది, సైకిళ్లు ఇంకెక్కడికో పోయాయి. రోజుకు నాలుగు వస్తే నాయినకు పండగ. దుకాణం నడవాల్సిన అవసరం ఇంట్లో ఎవరికీ లేదు, నాకు జీతం వస్తుంది. ఆయనకు మాత్రం ఉంది. ఆయన చెయ్యి పడిన సైకిలు మనిషిని దారిలో వదిలెయ్యదని చుట్టూ పది పల్లెల్లో పేరు. డెబ్బై దాటిన మనిషికి మిగిలిన ఆస్తి అదే.

ఇట్లా ఉండగా నాకు షుగర్ వచ్చింది. నా జీవితంలో తీపి అని చెప్పుకోదగ్గది అదొక్కటే. దవాఖానలో డాక్టరు నడవమన్నాడు, లేకపోతే సైకిలు తొక్కమన్నాడు. ఈ మాట విని మా ఇంట్లో సంతోషించిన మనిషి నాయిన ఒక్కడే.

"నెల ఆగు బిడ్డా. పాలమూరు పోయి సామాను తెస్త. నల్ల ఫ్రేమ్ చూస్త. చక్రాలు నా చేత్తోటి అల్లుత. నీ బరువుకు పుల్లలు జర లావువి ఎయ్యాలె."

"నా బరువు సంగతి బజార్ల చెప్పాల్నా నాయినా?"

"బజారుకు కనబడ్తలేదా ఏంది?"

సరేనన్నాను. అన్నానే గాని మనసులో వేరే ఉంది. నాయిన కట్టే సైకిలు నల్లగా, నిటారుగా, పాలక్యాన్లు తగిలించుకోవడానికి తయారుగా ఉంటుందని నాకు తెలుసు. మా బడిలో ఇద్దరు మాస్టర్లు అప్పటికే గేర్ల సైకిళ్లు కొన్నారు. నెత్తిన పుచ్చకాయ డిప్పల్లాంటి టోపీలు పెట్టుకుని ఆదివారాలు ఆలంపూర్ దాకా తొక్కి, గుడి ముందు ఫొటోలు దిగి బడి గ్రూపులో పెడుతున్నారు. వాళ్ల పక్కన పాలసైకిలుతో నిలబడిన నన్ను నేనే ఊహించుకుని నేనే సిగ్గుపడ్డాను. గేర్లు లేకపోతే గేలి చేస్తారని భయం.

వారం తిరక్కుండానే శిక్షణ తరగతులకని హైదరాబాదు పోయాను. తిరుగు దారిలో, హైదరాబాదు పొలిమేరలోనే, ఫంక్షన్ హాలంత ఆటసామాన్ల దుకాణం. లోపల సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరూ "ఏం గావాలె" అనలేదు. తొక్కి చూసుకోమన్నారు, దుకాణంలోనే తొక్కాను. నలభై ఆరేళ్ల మనిషిని బూట్ల వరసల మధ్య గిరగిరా తిరుగుతుంటే ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే నాకు నచ్చింది. మా ఊళ్లో అయితే ఆ సాయంత్రానికి నాకు కొత్త పేరు పడేది.

బిల్లు చేతికిస్తూ అక్కడి పనివాడు చక్రం నడుమ ఉన్న ఇనప పళ్లేన్ని చూపించి చెప్పాడు. "ఇది డిస్క్ బ్రేకు సార్. దీనికి నూనె తగలొద్దు. చేత్తో కూడా ముట్టుకోవద్దు." విన్నాను. ఒకరికి చెప్పడం కోసమే జీతం తీసుకునే మనిషిని నేను. ఆ ఒక్కటీ ఇంటికొచ్చి చెప్పలేదు. యాభై ఏళ్లుగా చక్రాలు తిప్పిన మనిషితో "నాయినా, దీనికి నూనె పెట్టొద్దట" అని ఎట్లా అనాలి? అడగకుండా కొనుక్కొచ్చిందే ఒక దెబ్బ. దాని మీద ఇంకో దెబ్బ ఎందుకనుకున్నాను. నా పిరికితనానికి ఎప్పుడూ ఇటువంటి మంచి పేర్లే దొరుకుతాయి.

నాయిన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మంచిగున్నది. ఎవరు బిగించిన్రు?"

"గాడనే ఒకాయన."

"ఏం పేరు?"

"అడగలే నాయినా."

"నిన్ను మోసే సైకిలు. బిగించినోని పేరన్న అడగొద్దా?" అన్నాడు. పాలమూరు ప్రయాణం మాట మళ్లీ ఎత్తలేదు.

వారానికి చక్రంలో గాలి తగ్గింది. నాయిన పంపు ఆ ట్యూబు మూతికి పట్టలేదు. ఆయన సైకిలును తోసుకుంటూ రోడ్డు దాటి, ఎదురుగా లారీల టైర్లవాడి దగ్గరికి పోయాడు. సైకిల్ మిస్త్రీ లారీలవాడి ముందు గాలి కోసం నిలబడటం నేను కిటికీలోంచి చూశాను. పోయి నేనే పట్టించుకోవచ్చు. ముఖం చెల్లక, పోలేదు.

ఇంకో పది రోజులకు బ్రేకు కూత పెట్టడం మొదలైంది. పట్టినప్పుడల్లా సన్నగా కీచుమనేది. నేను పట్టించుకోలేదు గాని నాయిన చెవికి అది పంటినొప్పి. ఒక ఆదివారం మేమంతా చర్చిలో ప్రార్థనకు పోతే, ఒంట్లో బాగా లేదని ఆయన ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి సైకిలు తళతళా తుడిచి గోడకు ఆనించి ఉంది.

"పట్టి చూడు," అన్నాడు. పట్టాను. చప్పుడు లేదు.

"ఫికర్ చెయ్యకు. ఇగ కుయ్యది."

చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను. చప్పుడు పోయిందని నేనూ మురిసిపోయాను. దాంతోపాటు ఇంకేం పోయిందో నాకు తట్టలేదు.

మర్నాడు బడికి పోతూ హైవే వంతెన దిగుతున్నాను. దిగువన సర్వీసు రోడ్డు మీద పల్లికాయ ఆరబోశారు. రెండు బ్రేకులూ పట్టాను. సైకిలు ఏమీ విననట్టే పోతున్నది. నా తరగతిలో వెనక బెంచీ తప్ప ఇంకెవరూ నన్ను అంత నిర్లక్ష్యం చెయ్యలేదు. నేరుగా పల్లికాయ కుప్పలోకి పోయి, కుడిచెయ్యి కింద పడేలా పడ్డాను. కావలి కూర్చున్న ఆమె చాట పట్టుకుని లేచింది.

"ఇంత పెద్ద రోడ్డున్నది, నా పల్లికాయ మీదనే పడాల్నా సారూ!"

"బ్రేకు పడలేదమ్మా."

"బ్రేకు పడకుంటె నువ్వు పడ్తవా?" అంటూనే నన్ను లేపి కూర్చోబెట్టింది. నా చెయ్యి వంకర చూసి చాట కింద పడేసింది.

మణికట్టు విరిగింది. పట్టీ వేయించుకుని ఇంటికి వచ్చాక నాయినతో కుక్క అడ్డం వచ్చిందని చెప్పాను. ఆయన సైకిలు ముందు కూర్చున్నాడు. చక్రం ఎత్తి తిప్పాడు, బ్రేకు పట్టాడు. చక్రం ఆగలేదు. ఇనప పళ్లేన్ని వేలితో తుడిచి ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కుక్క ఏ రంగుది?"

"నల్లది."

"ఊఁ," అన్నాడు.

ఆ వారమంతా ఆయన సరిగ్గా తినలేదు. తర్వాత ఒకరోజు, "గా షాపుకు తీస్కపో నన్ను. సైకిలు గూడ తీస్కపోదం," అన్నాడు. హైదరాబాదుకు కూరగాయలు వేసుకుపోయే బండిలో సైకిలెక్కించి, ముందు సీట్లో మేం కూర్చున్నాం.

దుకాణంలో మరమ్మతులు చేసేది నా వయసు మనిషే, నీలం చొక్కా వేసుకున్నాడు. పళ్లెం చూడగానే, "నూనె ఎవరు పెట్టిన్రు దీనికి?" అన్నాడు.

"నేనే," అన్నాను.

"కాదు సార్, నేను పెట్టిన," అన్నాడు నాయిన. తన కొడుకు వయసువాణ్ణి సార్ అనడం విని నేను నేల చూశాను. "నా కొడుకు చెయ్యి నేనే ఇరగ్గొట్టిన."

ఆ మనిషి నా కట్టు వైపు చూసి, చేతిలో పని పక్కన పెట్టాడు. "నన్ను సార్ అనకు పెద్దయ్యా. మాది దేవరకొండ దిక్కు. నాకు గూడ దుకాణం ఉండె. నడవక ఈడికొచ్చిన. మొదటి వారం నేను గూడ గిట్లనే నూనె ఏసిన. చెయ్యి ఊకుంటదా?"

ఆ మనిషి బ్రేకు ప్యాడ్లు మార్చాడు, పళ్లేన్ని ఏదో మందుతో కడిగాడు. అయిపోయాక చక్రం తిప్పితే సన్నని వంకర కనబడింది, నేను పడ్డప్పుడు వచ్చి ఉంటుంది. అతను పుల్లలు బిగించే చిన్న పానా నాయిన ముందు పట్టాడు.

"బెండు నువ్వు తియ్యి పెద్దయ్యా. నీ అసొంటి చెయ్యి మాకాడ లేదు."

నాయిన చెయ్యి లేచి చక్రం దాకా పోయింది. ఒక పుల్లను పట్టుకుంది కూడా. మళ్లీ వెనక్కి వచ్చి పంచెలో ముడుచుకుంది.

"వద్దు బిడ్డా. ఇంకేదన్న ఖరాబ్ చేస్త."

ఊరికి వచ్చాక ఆయన దుకాణం తెరుస్తూనే ఉన్నాడు. గాలి కొట్టేవాడు, పంక్చరు వేసేవాడు. బ్రేకు అంటే మాత్రం ముట్టేవాడు కాదు. ఒక పొద్దున గొర్రెల మంద ఉన్న ఒకాయన బ్రేకు రబ్బరు కట్టలు అరిగాయని వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆయన సైకిలు మీద నాయిన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు.

"ఇంకో కాడికి పో అల్లుడా," అన్నాడు నాయిన.

"ఇంకో కాడ యాడున్నది మామా? ఊర్లె నువ్వొక్కనివేనాయె."

"పాలమూరు పో."

"గొర్లను గూడ కొట్టుకపోవాల్నా?" అని ఆయన నవ్వాడు. పరాచికమనుకుని బల్ల మీద అరగంట కూర్చున్నాడు. నాయిన పీట మీద నుంచి లేవలేదు. చివరికి ఆయన ఏమీ అర్థం కాక, సైకిలు నడిపించుకుంటూ తన పల్లె దారి పట్టాడు.

కట్టు చేతితో గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు ఇక ఓపిక పట్టడం సాధ్యం కాలేదు. పోయి ఆయన ముందు గొంతుకూర్చున్నాను.

"నాయినా, తప్పు నీది గాదు. నూనె పెట్టొద్దని కొన్ననాడే గా మనిషి నాకు చెప్పిండు. నేనే నీకు చెప్పలే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. బరువు దిగుతుందనుకున్నాను. నెల రోజులుగా ఈ మాట దాచి ఆయన్ని చంపుతున్నానని నా లెక్క.

"ఎందుకు చెప్పలే?"

"నీకు బాధైతదని."

నాయిన రోడ్డు మీద పోయే లారీల వైపు తిరిగాడు.

"అంటే నువ్వు ముందుగాలనే అనుకున్నవన్నట్టు," అన్నాడు మెల్లగా, "మా నాయినకు గీ పని రాదని."

ఆయన పీట ఎత్తి గోడకు ఆనించి, నా పక్కనుంచే ఇంట్లోకి పోయాడు.